‘అద్దె వస్తోంది కదా, లోపల ఏం చేస్తే మనకెందుకు?’

ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ మధ్య ఒక మాట పాతుకుపోయింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో అదే, బ్రోకర్ల నోట అదే, పెళ్ళి భోజనాల దగ్గర నలుగురు ఓనర్లు కలిసినా అదే. “తాళంచెవి ఇచ్చేశాక లోపల ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం, వాళ్ళ పూచీ. ఒకటో తారీఖుకి అద్దె పడుతోందా లేదా, మనకు కావలసింది అంతే. మరీ మితిమీరితే కరెంటు తీయించి బయటికి పంపిద్దాం.”

ఈ మాటను ఖండించే ముందు దాని వెనకున్న కారణాలు చెప్పడం న్యాయం. అద్దెకున్నవాళ్ళ గుట్టు వాళ్ళకుంటుంది. ఓనరు పొద్దస్తమానం తలుపు తట్టడం మర్యాద కాదు, చట్టమూ ఒప్పుకోదు. కోర్టుకెళితే ఏళ్ళు పడుతుందన్న భయం ఉత్తిది కాదు. రిటైరైన దంపతులకు, భర్త పోయిన ఆడవాళ్ళకు కింది పోర్షన్ అద్దే నెల గడిపే ఆధారం. గట్టిగా అడిగితే ఖాళీ చేసి పోతారేమో, మళ్ళీ మనిషి దొరికేదాకా టులెట్ బోర్డు వేలాడుతుందేమో అన్న బెంగ వాళ్ళది. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ కూకట్‌పల్లిలోనో మధురవాడలోనో ఫ్లాటు కొని అద్దెకిచ్చినవాళ్ళకు వాచ్‌మన్ చెప్పిందే సమాచారం.

ఇవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు కలిసినా ఆ మాట మాత్రం నిజం కాదు. నేనిక్కడ గోడకు మేకులు కొట్టడం గురించో, రాత్రి పొద్దుపోయాక టీవీ మోత గురించో మాట్లాడటం లేదు. పడగ్గదిలో పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్లలోకి గ్యాస్ ఎక్కించి అమ్మడం, కుటుంబానికిచ్చిన పోర్షన్‌లో కర్రీ పాయింట్‌కు వంట పెట్టడం, మెట్ల కింద వరసగా స్కూటర్ బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం, సెల్లార్‌ను థిన్నరు డబ్బాలకో తుక్కు బస్తాలకో గోదాము చెయ్యడం, ఎంసీబీ పదేపదే పడిపోతోందని దాన్ని తప్పించి కరెంటు నేరుగా కలిపేయడం, పిట్టగోడ సరిగా లేని డాబా మీద రాత్రిళ్ళు మందు పార్టీలు చెయ్యడం. ప్రాణాలు తీసే పనులు ఇవి. వీటి విషయంలో “మనకెందుకు” అనే ఓనరు వాదన ఏ వైపు నుంచి చూసినా నిలవదు.

1. లోపల మొదలైనది లోపల ఆగదు

“వాళ్ళిష్టం, వాళ్ళ పూచీ” అన్నది ఒక్క ఊహ మీద నిలబడి ఉంది: ఆపద వస్తే అది తెచ్చుకున్నవాడికే వస్తుందని. మన నగరాల్లో జరిగిన ప్రమాదాలు ఈ ఊహను ఎప్పుడో కాల్చేశాయి.

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకుంది. పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లోనే ఒక భవనంలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. మంట కింద పుట్టింది, పొగ మెట్లదారిన పైకెక్కింది, 8 మంది చనిపోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో కాపురాలుంటున్న 9 మంది పోయారు. ఆ పోయినవాళ్ళెవరూ ఆ డ్రమ్ములు తెచ్చి పెట్టినవాళ్ళు కాదు.

ఇది ఒకటి రెండు భవనాల దురదృష్టం కాదు, ఆ వస్తువుల స్వభావమే అంత. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది, గడప దాటి మెట్లమీదుగా సెల్లార్‌లోకి దిగుతుంది. గాలిలో రెండు శాతం కలిసిందంటే స్విచ్చి వేసినప్పుడు పుట్టే రవ్వ సరిపోతుంది. ఆ స్విచ్చి వేసేది గ్యాస్ నింపే టెనెంటే కానక్కరలేదు, మోటారు ఆన్ చెయ్యడానికి వెళ్ళిన వాచ్‌మన్ భార్య కావచ్చు. ఇక లిథియం బ్యాటరీ ఒకసారి లోపల వేడెక్కడం మొదలుపెడితే బయటినుంచి దుప్పటి కప్పినా, బకెట్ నీళ్ళు పోసినా ఆగే రకం కాదు. 2022 ఏప్రిల్‌లో ఒకే వారంలో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అవి ఒక్కో బ్యాటరీ పేలిన ఇళ్ళు. డెలివరీ కుర్రాళ్ళు పదిమంది ఉండే పోర్షన్ బయట, మెట్ల మొదట్లో, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నాలుగు బ్యాటరీలు తగిలించి ఉంటే ఆ మెట్లు తప్ప వేరే దారిలేని పై అంతస్తులవాళ్ళు ఎటు పోవాలి?

2. అగ్రిమెంటు రాయించుకున్నాం అనేవాళ్ళకు

“ఏ ప్రమాదం జరిగినా కిరాయిదారుదే పూర్తి బాధ్యత” అని స్టాంపు పేపరు మీద ఒక లైను రాయించి నోటరీ చేయిస్తారు. దాంతో తమ పని అయిపోయిందనుకుంటారు. ఆ కాగితం ఇద్దరి మధ్య ఒప్పందం. పై పోర్షన్‌లో నిద్రపోతున్న పిల్లవాడు దాని మీద సంతకం పెట్టలేదు. పక్కింటి గోడ కూలితే ఆ పక్కింటివాడూ పెట్టలేదు. వాళ్ళకు జరిగిన నష్టానికి జవాబు చెప్పవలసిన రోజున ఆ లైను చూపిస్తే కోర్టు “ఇది మీరూ మీ టెనెంటూ తేల్చుకోండి” అంటుంది తప్ప ఓనరును ఇంటికి పొమ్మనదు.

బాధ్యత నాది కాదన్న వాదన దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి వీగిపోయింది కూడా. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పొగకు ఊపిరాడక పోయారు. మంట పుట్టింది ఆ భవనం కింద ఉన్న కరెంటు బోర్డు ట్రాన్స్‌ఫార్మర్‌లో. అది బోర్డుది, దాని మరమ్మతు బోర్డు పని, తప్పు బోర్డుది అని యజమానులైన అన్సల్ సోదరులు వాదించారు. మంట ఎవరి యంత్రంలో పుట్టినా జనం బయటపడే దారులు మూసుకుపోయి ఉండటానికి, ప్రమాదాన్ని అక్కడ ఉండనివ్వడానికి యజమానులు జవాబుదారులేనని 2014 మార్చిలో సుప్రీంకోర్టు వాళ్ళు దోషులేనన్న తీర్పును ఖాయం చేసింది. సినిమా హాలు వేరు, రెండు పోర్షన్ల ఇల్లు వేరు. చట్టం రెంటినీ ఒకే తూకంతో కొలవదు. కానీ “వస్తువు నాది కాదు కనుక నాకు సంబంధం లేదు” అన్న వాదన ఎంత దూరం నిలుస్తుందో ఆ తీర్పు చూపించింది.

ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా జైలు. ప్రతి ప్రమాదానికీ ఓనరును పట్టుకుపోతారని నేననడం లేదు. తెలియక జరిగినదానికి, తెలిసీ ఊరుకున్నదానికి మధ్య చట్టం గీత గీస్తుంది. “అద్దె వస్తోంది కదా” అనే మాట ఓనరును తన నోటితోనే ఆ గీతకు అవతలి వైపు నిలబెడుతుంది.

ఇంటికి బీమా చేయించాం కదా అని ఇంకొందరి ధీమా. కాపురానికని చెప్పి చేయించిన పాలసీ మీద, లోపల గోదాము నడుస్తున్నప్పుడు క్లెయిము వెయ్యండి. వాడకం మారిందని మీరు బీమా కంపెనీకి తెలిపారా అన్నది సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి.

3. మనం జోక్యం చేసుకోం అన్నది అసత్యం

ఈ వాదనలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే భాగం ఇది. అద్దెకున్నవాళ్ళ జీవితంలో తల దూర్చకపోవడం తమ మర్యాద అన్నట్టు ఓనర్లు మాట్లాడతారు. కానీ ఏ కులం అని అడుగుతారు. మాంసం వండుతారా అని అడుగుతారు. పెళ్ళి కాని కుర్రాళ్ళకు ఇవ్వం అంటారు, ఒంటరి ఆడపిల్ల అయితే రాత్రి ఎన్నింటికి వస్తుందో చూస్తారు. చుట్టాలు నాలుగు రోజులుంటే నీళ్ళ బిల్లు మాట ఎత్తుతారు. గుడ్డు వాసన వచ్చిందని కిందినుంచి పైకి ఎక్కి వచ్చి మాట్లాడే ఓనరు, అదే వంటగదిలో గ్యాస్ పైపు బీటలు వారి ఉందా లేదా అని ఒక్కసారి కూడా చూడడు. ఆ రబ్బరు పైపును ఐదేళ్ళకోసారి మార్చాలని గ్యాస్ కంపెనీలే చెబుతాయి.

అంటే జోక్యం లేదని కాదు. అడగడానికి తమకు ఏ హక్కూ లేనివన్నీ అడుగుతారు, అడగవలసిన ఒక్కటీ అడగరు. టెనెంట్ ప్లేటులో ఏముందన్నది ఓనరుకు సంబంధం లేని విషయం. మెట్లమీద ఏముందన్నది అందరికీ సంబంధించిన విషయం. మన ఇళ్ళల్లో ఈ రెండూ తారుమారయ్యాయి.

4. చట్టం చేతులు కట్టేసిందనేవాళ్ళకు

“ఏమైనా అంటే వాళ్ళే కేసు పెడతారు, చట్టమంతా టెనెంట్ల వైపే” అన్నది మరో స్థిరమైన అభిప్రాయం. ఎక్కువమంది అసలు చదవని చట్టం గురించి ఇలా అంటున్నారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 108వ సెక్షన్ అద్దెదారు ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో చెబుతుంది. వివేకమున్న మనిషి సొంత ఇంటిని ఎలా వాడుకుంటాడో అలా వాడుకోవాలి. ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. సమంజసమైన వేళల్లో యజమాని వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోనివ్వాలి. అద్దెదారు వల్ల లోపం ఏర్పడితే యజమాని రాతపూర్వకంగా తెలిపిన మూడు నెలల్లోగా సరిచెయ్యాలి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇదే దారిలో ఇంకొంచెం స్పష్టంగా వెళ్ళింది: 24 గంటల ముందు చెప్పి వెళ్ళి చూడవచ్చంది. దాన్ని అమలు చెయ్యడం రాష్ట్రాల ఇష్టం. అయినా ఆ పద్ధతిని మీ అగ్రిమెంటులో రాసుకోకుండా ఎవరూ ఆపలేదు.

ఒప్పందంలో షరతు రాసి, అది తప్పితే ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చని కూడా స్పష్టంగా రాసి ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ ప్రకారం ఆ తప్పు అద్దె హక్కు పోవడానికి కారణమవుతుంది. దానికి ముందు ఒక మెట్టు ఉంది. తప్పు ఏమిటో పేర్కొంటూ, సరిచేసుకోవచ్చేదైతే సరిచెయ్యమంటూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 114ఎ అంటుంది. ఇది ఓనరును ఇబ్బంది పెట్టడానికి పెట్టిన మెట్టు కాదు. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. బ్యాటరీలు మెట్ల దగ్గరినుంచి తీసి ఆరుబయట విడి పాయింటు దగ్గర పెట్టుకోమని కాగితం మీద రాసిస్తే చాలామంది తీస్తారు. తియ్యనివాడి మీద మీ చేతిలో ఆధారం ఉంటుంది.

తెలంగాణలో తక్కువ అద్దెల పాత ఇళ్ళకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా వాడకం మార్చడాన్ని, భవనానికి నష్టం చెయ్యడాన్ని, ఇరుగుపొరుగుకు పీడ కావడాన్ని ఖాళీ చేయించడానికి కారణాలుగా చెప్పింది. టెనెంట్‌కు ఎంత రక్షణ ఇచ్చిన చట్టమైనా పక్కవాళ్ళ ప్రాణాల మీదికి తెచ్చే హక్కు అతనికి ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ చదివితే “అద్దె వస్తోంది కదా” అనే ఓనరు ఉలిక్కిపడాలి. షరతు తప్పిన సంగతి తెలిసి, ఆ తర్వాతి కాలానికి అద్దె పుచ్చుకుంటే ఆ తప్పును మాఫీ చేసినట్టే. తప్పు ఎత్తిచూపి ఖాళీ చేయించే హక్కును యజమాని తన చేతులతో వదులుకున్నట్టు. ఏ అద్దె చూసుకుని మౌనంగా ఉన్నారో ఆ అద్దె రసీదే రేపు మీకు ఎదురు సాక్ష్యం. దావా వేశాక తీసుకుంటే అలా కాదని కూడా చట్టమే చెప్పింది. అంటే చట్టం ఓనరు చేతులు కట్టలేదు. పట్టించుకోని ఓనరును మాత్రం వెనకేసుకు రాలేదు.

5. కరెంటు తీయిస్తే సరి అనేవాళ్ళకు

ఏళ్ళ తరబడి ఊరుకున్నవాళ్ళే ఒకరోజు ఉన్నట్టుండి ఫ్యూజులు పీకేస్తారు, నీళ్ళ పైపు కట్టేస్తారు, ఊరెళ్ళి వచ్చేసరికి వేరే తాళం వేసేస్తారు. ఇది మొదటి తప్పుకు విరుగుడు కాదు, దాని రెండో సగం.

చట్టం సంగతి ముందు చూడండి. కోర్టు దారిలో కాకుండా బలవంతంగా ఇంట్లోంచి వెళ్ళగొడితే, వెళ్ళగొట్టబడినవాడు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. గ్యాస్ నింపుతున్నాడన్న మీ ఫిర్యాదు న్యాయమైనదే అయినా, ఆ రోజు కోర్టులో తప్పు చేసినవాడు మీరవుతారు.

చట్టం పక్కన పెట్టినా పని జరగదు. కరెంటు తీసిన ఇంట్లో కొవ్వొత్తులు, కిరసనాయిలు దీపాలు వెలుగుతాయి. పక్క పోర్షన్ నుంచి కిటికీలోంచి వైరు లాగుతారు. ప్రమాదం పెరుగుతుంది తప్ప తగ్గదు. బెదిరిస్తే దాపరికం నేర్చుకుంటారు. సిలిండర్లు హాల్లోంచి మంచం కిందికి పోతాయి. ఇంకొకటి: అర్ధరాత్రి వెళ్ళగొట్టిన ఆ గ్యాస్ నింపే మనిషి రెండు వీధుల అవతల మరో ఇంట్లో దిగుతాడు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యకుండా ప్రమాదాన్ని వేరేవాళ్ళ పిల్లల మీదికి తోసి, సమస్య తీరిందనుకోవడం ఏం న్యాయం? నివాసంలో గ్యాస్ ఎక్కించడం నేరం. దాని గురించి గ్యాస్ కంపెనీకి, పౌర సరఫరాల శాఖకు, పోలీసులకు చెప్పాలి. గ్యాస్ వాసన గుప్పుమంటుంటే, మంట కనిపిస్తుంటే నోటీసులూ గడువులూ ఏమీ లేవు. ముందు అందరినీ బయటికి తీసుకొచ్చి 101కో 112కో ఫోను చెయ్యాలి.

6. ఓనరు తన వంతు చేశాడా?

టెనెంట్ల అజాగ్రత్త అని మనం పిలిచేదాంట్లో సగం మనం కట్టిన ఇంట్లోంచి పుడుతుంది. గదికి ఒక్క ప్లగ్ పాయింటు ఇచ్చి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు గొలుసుగా తగిలించారని తిడితే ఎలా? లైట్ల కోసం వేసిన సన్నటి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ఏసీ పెట్టనిచ్చి, ఎంసీబీ పడుతోందని చెప్పినప్పుడు లోకల్ ఎలక్ట్రీషియన్‌తో పెద్దది బిగించుకోమన్నది ఎవరు? పెద్ద ఎంసీబీ బిగించాక లోడు ఎక్కువైనా అది పడదు. వైరే గోడలోపల కాలుతుంది. బాత్రూములో నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్ షాకు కొట్టినప్పుడు లిప్తపాటులో కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీటరు పక్కన పెట్టించారా? ఎర్తింగ్ చూపించి ఎన్నేళ్ళయింది?

డాబా తలుపుకు తాళం వేసి చెవి జేబులో పెట్టుకుని తిరిగే ఓనర్లు మన కాలనీల్లో ఎంతమందో. కింద మంట వస్తే పైకి పరుగెత్తినవాళ్ళు ఆ తాళం దగ్గర ఆగిపోతారు. దొంగల భయంతో ప్రతి కిటికీకీ, బాల్కనీకీ తెరుచుకోని గ్రిల్ బిగించి, నిచ్చెన వేసినా దిగడానికి వీల్లేకుండా చేసినవాళ్ళం మనమే. తన వంతు చెయ్యని ఓనరు అద్దెదారును ప్రశ్నిస్తే, ఆ ప్రశ్నకు బలం ఉండదు, కోర్టులోనూ ఉండదు.

7. అడిగితే వెళ్ళిపోతారన్న భయానికి

వెళ్ళిపోయేది గ్యాస్ నింపుకునేవాడు. అడగకపోతే వెళ్ళిపోయేది పై పోర్షన్‌లో చంటిపిల్లతో ఉన్న కుటుంబం. ఎవరు ఉండాలన్నది ఓనరే తేల్చుకోవాలి.

నా వాదన ఒక్కటే. టెనెంట్ జీవితం టెనెంట్‌ది, అందులోకి ఓనరు తొంగిచూడకూడదు. నిప్పు, గ్యాస్, కరెంటు, మెట్లు, డాబా మాత్రం ఆ భవనంలో ఉన్న అందరివి. వాటి విషయంలో అడగడం ఓనరు హక్కే కాదు, విధి; అడిగే పద్ధతి మర్యాదగా, ముందుగా చెప్పి, కాగితం మీద ఉండాలి. తన వంతు మరమ్మతులు ముందు చేయించాలి. చెప్పినా వినకపోతే చట్టం చూపిన దారిలోనే, కానీ ఆగకుండా వెళ్ళాలి.

ఇల్లు అద్దెకిచ్చిన ప్రతివారికీ నా విన్నపం ఇది. వచ్చే ఒకటో తారీఖు అద్దె మీ ఖాతాలో పడే ముందు, టెనెంట్‌కు ఒక రోజు ముందుగా చెప్పి, ఒక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి మీటరు బోర్డు, గ్యాస్ పైపు, మెట్లదారి, డాబా తలుపు చూడండి. మీరు బాగుచేయించవలసినవి బాగుచేయించండి. వాళ్ళు సరిదిద్దుకోవలసినవి తేదీ వేసి రాసివ్వండి. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడ నమ్మకమున్న ఒక మనిషికి రాతపూర్వకంగా ఈ పని అప్పజెప్పండి. చెప్పినవి సరిదిద్దకుండా అద్దె మాత్రం పంపిస్తే, ఆ డబ్బు ముట్టుకునే ముందు ప్లీడరును కలవండి.